ప్రార్థనా కావాలి, మాత్రా కావాలి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు మాట్లాడినది)

నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను పదో తరగతి వరకే చదివాను, డాక్టరమ్మని కాను. నాకున్న జబ్బు గురించీ, దాంతో నేనెట్టా నెట్టుకొస్తున్నానో దాని గురించీ చెబుతాను.

నాది కీళ్ళవాతం. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. వయసు మీదపడి మోకాళ్ళు అరిగేది వేరు, ఇది వేరు. రోగాలతో పోరాడే శక్తి ఒకటి మన ఒంట్లో ఉంటుంది గదా, అది దారి తప్పి మన కీళ్ళ మీదే పడుతుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువ. ముప్పై దాటాక, ఒళ్ళొంచి పనిచేసే వయసులోనే చాలామందికి మొదలవుతుంది. వంకాయ తింటే రాదు, చేతబడితో రాదు, పాపం చేసినందుకూ రాదు. ఈ మూడూ మా వీధిలో నా మొహం మీదే అన్న మాటలు.

నేను రొయ్యల తలలు తీసే పనికి పోయేదాన్ని. ఇప్పుడు పోలేను. పొద్దున లేస్తే గంటసేపు వేళ్ళు ముడుచుకోవు. జడ వేసుకోలేను, జాకెట్టు హుక్కు పెట్టుకోలేను, బిందె ఎత్తలేను. గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టుకొని కూర్చుంటాను. అదే నాకు ప్రార్థన వేళ. రెండేళ్ళు ఒకటే అడిగాను, ప్రభువా దీన్ని తీసెయ్యి అని. తీసెయ్యలేదు.

బైబిల్లో పౌలుకి కూడా ఒంట్లో ముల్లులాంటి బాధ ఒకటి ఉండేది. అది ఏ జబ్బో రాయలేదు. తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. తీసెయ్యలేదు, నా కృప నీకు చాలు అన్నట్టుగా జవాబొచ్చింది. సర్కారు తుమ్మ ముల్లు దిగినవాళ్ళకి తెలుస్తుంది, లోపల విరిగితే ఎట్టా ఉంటదో! అంత పెద్ద భక్తుడికే అట్టా జరిగితే, నాకు తగ్గకపోవడం నా విశ్వాసం తక్కువై కాదని ఆ రోజు అర్థమైంది. అప్పటి నుంచి నా ప్రార్థన మారింది. ఈ ఒక్క రోజుకి సరిపడా బలం ఇయ్యి, అంతే. రేపటిది రేపు అడుగుతాను.

కొందరు, విశ్వాసముంటే మాత్రలు పారెయ్యమన్నారు. నేను పారెయ్యలేదు. ఆ పౌలు పక్కన ఉన్న లూకా ఎవరనుకున్నారు? వైద్యుడు. తిమోతికి కడుపు బాగలేకపోతే కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని కూడా పౌలే రాశాడు. సారా ఆపించిన దూబగుంట అక్కల జిల్లాలో ఈ మాట గట్టిగా చెప్పకూడదనుకోండి! నేను చెప్పేదల్లా, మందు వేసుకోవడం దేవుణ్ణి నమ్మకపోవడం కాదని.

నా మందు పేరు మెథోట్రెక్సేట్. ఇది బాగా వినండి. ఈ జబ్బుకి దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నేను ఆదివారం ఆరాధన నుంచి వచ్చి అన్నం తిన్నాక వేసుకుంటాను, అట్టయితే మర్చిపోను. ఇంకో రోజు ఫోలిక్ యాసిడ్ మాత్ర. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష, లివర్ పరీక్ష చేయించుకోవాలి. కడుపుతో ఉన్నవాళ్ళు, బిడ్డ కావాలనుకునేవాళ్ళు ఇది వాడకూడదు, ముందే డాక్టరుకి చెప్పాలి.

నన్ను వేలూరు తీసుకుపోయారు. మన వైపు నుంచి ఎంతమంది పోతారో మీకు తెలుసు, నెల్లూరులో రైలెక్కి కాట్పాడిలో దిగడమే. అక్కడ మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ గురించి విన్నాను. కేరళ ఆమె. 1954లో బండి ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోయింది. ఇంకొకరైతే మంచానికి అతుక్కుపోయేవాళ్ళు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠు వచ్చినవాళ్ళ వంకరపోయిన చేతులకి ఆపరేషన్లు చేశారు. కాళ్ళు పడిపోయినవాళ్ళకి మళ్ళీ బతకడం నేర్పే కేంద్రం 1966లో అక్కడ తెరిచారు, ఆ పని నడిపించింది ఆమే. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె కాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. ఆ ముక్క నాకు బాగా పట్టుకుంది. పోయింది పోయిందే, మిగిలిన దాంతో పనిచేశారు.

నాకు అన్నిటికంటే కష్టమైంది నొప్పి కాదు, సాయం అడగడం. లీడరుని, పదిమందికి చెప్పేదాన్ని, నా జడ ఇంకొకరు వెయ్యడమేంది అనిపించేది. కానీ మన జిల్లాలో సారా ఆగింది ఒక్క ఆడమనిషి వల్లా? రోజుకో రూపాయితో పొదుపు లక్ష్మి నిలబడింది ఒక్కరి రూపాయితోనా? అందుకని సంఘంలో దాచకుండా చెప్పాను. పొద్దున ఏడింటికి పెట్టే మీటింగు సాయంత్రానికి మార్చారు. తీర్మానాల పుస్తకం ఇప్పుడు రెండో లీడరు రాస్తుంది, నేను చెబుతాను. చెయ్యి ఆమెది, లెక్క నాది. జబ్బు చేసి మీటింగుకి రాలేకపోతే జరిమానా వద్దని తీర్మానం కూడా రాసుకున్నాం. మిగతా సంఘాలు ఆలోచించండి, జరిమానా పది రూపాయలే కావచ్చు, మంచంలో ఉన్నామెకి అది పదిమందిలో అవమానం.

మా సంఘంలో ఒక ముస్లిం అక్క ఏటా బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి పోయి స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకుంటుంది. పోయినసారి నా కోసం కూడా పట్టింది. నా ప్రార్థన నాది, ఆమె మొక్కు ఆమెది. రొట్టె మాత్రం ఇద్దరం కలిసి తిన్నాం.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి అరగంట, గంట దాకా వదలనివాళ్ళు, కణుపులు వాచినవాళ్ళు ఉంటే నాటుమందు, నొప్పి బిళ్ళలతో నెలలు గడపొద్దు. వేళ్ళు వంకర పోకముందే చూపించుకుంటే చేతులు నిలబడతాయి. మీటింగులో చెప్పడానికి సిగ్గయితే, భోజనాలప్పుడు నా దగ్గరికి రండి. వెనక వరసలో, గోడ పక్కన కూర్చుంటాను. రిపోర్టులు ఉంటే తెచ్చుకోండి. సెలవు.