నా పాటకు నా పేరెందుకంటే

(సూర్యలంకలో ఓ సాయంత్రం పల్లె జనం కూడినప్పుడు, పాటలు కట్టే పెద్దాయన ఒకరు మాట్లాడిన మాటలు)

 

మైకు ఇచ్చారు గాని ఉపన్యాసం నాకు చేతగాదు. పాటయితే తెల్లారేదాకా పాడతాను. అరవై తొమ్మిదో ఏడు నడుస్తోంది. ఈ వయసులో నేను కట్టిన పాటల్లో తొమ్మిదింటిని ఏరి నా గొంతుతోనే ఆల్బం చేస్తున్నాను. "ముసలోడికి ఇదేం యావ? ఉద్యమ పాట జనానిది గదా, దానికి పేరెందుకు?" అని మనవాళ్లే ఒకరిద్దరన్నారు. వాళ్లకే చెబుతున్నా.

1985 జులై 17న కారంచేడులో అగ్రకుల భూస్వాములు ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్లు ఊరొదిలి చీరాల చేరారు. నేనప్పుడు ఈ ఇసకనేలల్లో వేరుశనగ పీకే కూలికి పోతున్నా. చీరాల శిబిరం చూసొచ్చిన రాత్రి మొదటి పాట కట్టాను. తర్వాత 1991 ఆగస్టు 6న చుండూరు. బాపట్లలో తెనాలి బండెక్కితే దారిలో తగిలే స్టేషనే అది. ఎనిమిది మందిని నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ ఎనిమిది మంది పేర్లతో ఓ చరణం కట్టాను. ఆ పాట నాకంటే ఎక్కువ ఊళ్లు తిరిగింది. ఎవరో కేసెట్టు చేస్తే అట్ట మీద ఇంకెవరి పేరో ఉంది. నాకేం కోపం రాలేదు. ఎవరు పాడితేనేం, మన పాటే గదా అనుకున్నా.

2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ తర్వాత ఓ పెళ్లి ఊరేగింపులో నా దరువు వినపడింది. ఎవరిదిరా అంటే కుర్రాడు ఫోను చూపించాడు. దరువు ఉంది, పల్లవి సగం ఉంది, ఎనిమిది మంది చరణం లేదు! పాటకు కట్టినోడి పేరు లేకపోతే, చరణం ఎందుకు తీశారని అడిగేవాడెవడు?

గరిమెళ్ల తెల్లదొరతనం వద్దంటే, మన కుసుమ ధర్మన్న గారు నల్లదొరతనమూ వద్దన్నారు. పేరుతో అచ్చయింది గనక ఆయన మనకు దక్కాడు. నాట్లలో పాటలు కట్టిన మన అమ్మల పేర్లు ఒక్కటి చెప్పండి చూద్దాం. 1957 కాపీరైటు చట్టం ప్రకారం పాట కట్టినోడికి బతికినన్నాళ్లూ, పోయాక 60 ఏళ్లూ హక్కుంది. రిజిస్టరు చేయించకపోయినా ఉంటుంది. కాని నాదే అని చూపించాలంటే రాత ఉండాలి, తేదీ ఉండాలి.

మొదట ఓ స్టూడియోకి పోయాం. నా గొంతు వణుకు కంప్యూటరులో సరిచేస్తానన్నాడు, సరే. మా పల్లె మాటలు మార్చమన్నాడు. లేచొచ్చేశాను.

ఇప్పుడు ఇంట్లోనే. మనవరాలు ఫోనుకు చిన్న మైకు తగిలించింది. గోడలకు బొంతలు కట్టాం, లేకపోతే పాట కంటే సముద్రం ఎక్కువ వినపడుతోంది. ఈ ఉప్పుగాలికి డప్పు మెత్తబడి ఊరుకుంటుంది. తాటాకు మంట మీద కాచి, గుమ్మం బయట కూర్చోబెట్టి వాయిస్తేనే గొంతూ దరువూ సమంగా పడుతున్నాయి. శృతి బాగా దించుకున్నాను. దగ్గొస్తే మళ్లీ మొదటికే.

2023 డిసెంబరు 5న తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది గదా, అప్పుడు నోటు పుస్తకాలు ముద్దయిపోయినాయి. నాలుగు పాటల్లో చరణాలు పోయాయి. ఒకప్పుడు నాతో కూలికొచ్చిన ఆడోళ్లే వాటిని పాడి మళ్లీ రాయించారు. ఒకచోట నేను కట్టినదానికంటే వాళ్లు పాడిందే బాగుంది, అదే ఉంచాను. ఆల్బం మీద వాళ్ల పేర్లూ ఉంటాయి. పేరెందుకన్న తమ్ముళ్లు వాళ్ల దగ్గరికెళ్లి అడగండి.

ఆరు పాటలయ్యాయి. చుండూరు పాట మూడుసార్లు మొదలెట్టి ఆపేశాను, ఆ పేర్ల దగ్గరకొచ్చేసరికి గొంతు పట్టేస్తోంది. ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. డప్పుకు ఇంకో ఇద్దరు కావాలి. ఎవరొస్తారో ఇప్పుడే చెప్పండి, పొద్దున్నే రండి. గాలి లేవక ముందే మొదలెట్టాలి.