ఓవూ అంటే రాతి గని కాదు



యుద్ధాల గేమ్‌లు ఆడే తమ్ముళ్లు, చెల్లెళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆడొద్దని చెప్పడానికి రాలేదు, నేనూ ఆడతాను. ఆ గేమ్‌లు మంగోలుల్ని ఎట్లా చూపిస్తున్నాయో మాత్రం ఒకసారి చూడండి.

1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో మంగోలులు కూడా అందరిలాగే ఇళ్లు కట్టాలి, పొలాలు వేయాలి. తేడా ఎక్కువగా గుర్రపు విలుకాళ్లలాంటి సైన్యంలోనే. అంటే సంచారికి బతుకు లేదు, యుద్ధం ఒక్కటే ఉందన్నమాట. సివిలైజేషన్ 6లో నగరం లేని గుంపుల పేరే 'బార్బేరియన్లు'!

2021లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 4 మెరుగే, ఒప్పుకోవాలి. అందులో మంగోలులకు ఇళ్లు అక్కర్లేదు. కట్టడాలను మూటగట్టుకుని ఇంకో చోటికి పోవచ్చు. కానీ ఎందుకు పోతారు? శత్రువు వచ్చాడనో, బంగారం అయిపోయిందనో. అసలు మంగోలులు కదిలేది గడ్డి కోసం. గుర్రం, గొర్రె, మేక, ఒంటె, ఆవు - ఈ ఐదూ మేసిన నేల మళ్లీ చిగురించాలంటే దాన్ని వదిలిపెట్టి పోవాలి. చలికాలానికి గాలి తగలని చోటు, ఎండాకాలానికి నీళ్లున్న చోటు చూసుకుంటారు. అది దిక్కులేని తిరుగుడు కాదు, తరాల లెక్క. మంచు గడ్డకట్టి మేత అందకపోతే మందలకు మందలే చచ్చిపోతాయి. ఆ విపత్తును వాళ్లు 'జుద్' అంటారు. గేమ్‌లో మాత్రం గడ్డి ఎప్పటికీ అయిపోదు, గొర్రెలు వాటంతటవే పుడుతూ ఉంటాయి.

నన్ను బాగా కుదిపింది ఓవూ. కొండమీదో, కనుమలోనో రాళ్లు పేర్చిన పూజాస్థలం అది. దారినపోయేవాళ్లు ఒక రాయి వేసి, మూడుసార్లు చుట్టూ తిరిగి, దండం పెట్టుకుని పోతారు. నీలం పట్టుగుడ్డ కడతారు. గేమ్‌లో అదే ఓవూ రాయి తవ్వితీసే కట్టడం! జనం రాయి తెచ్చి వేసే చోటును రాయి తీసుకునే చోటు చేశారు. నియమగిరిలో దేవుణ్ణి కాక బాక్సైట్‌ను చూసిన చూపు గుర్తొస్తలేదా మీకు?

అట్లని మంగోలుల్ని అమాయకులుగా చూపమని నేను అనను. 1258లో బాగ్దాద్‌లో జరిగిన ఊచకోత నిజం, దాన్ని దాచకూడదు. కానీ ఒగెదెయ్ ఖాన్ చనిపోయాక 1241 నుంచి 1246 దాకా ఆయన భార్య తొరెగెనె సామ్రాజ్యాన్ని నడిపిందన్నదీ నిజమే కదా.

2018లో కెనడాలోని క్రీ ప్రజల నాయకుడు పౌండ్‌మేకర్‌ను సివిలైజేషన్ 6లో పెట్టారు. పక్కవాళ్ల నేల ఆక్రమించడం వలసపాలకుల విలువ, దాన్ని మా పెద్దకు అంటగట్టొద్దని ఆయన జాతివాళ్లే అభ్యంతరం చెప్పారు. పొగడ్తకు లొంగకుండా అడిగారు చూడండి, అది నాకు నచ్చింది.

మీలో కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లున్నారు. రేపు మీరే ఒక గేమ్ చేస్తే, మేస్తే అయిపోయే గడ్డి పెట్టండి. వదిలేస్తే మళ్లీ మొలవాలి. ఓవూ పక్కనుంచి పోయే ప్రతి మనిషీ ఆగి ఒక రాయి వేసి పోవాలి. ఆ రాయికి స్కోరు ఏమీ ఇవ్వకండి.