అద్దం వెనుక దీపం

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బెంగుళూరు నగరానికి వాయవ్య దిశలో, తుమకూరు రోడ్డును ఆనుకొని పీణ్య అనే పారిశ్రామికవాడ ఉంది. లేతు యంత్రాల రొద, ఇనుపరజను వాసన, పాళీ మారేవేళ సైకిళ్ల బారులు చాలాకాలం దాని గుర్తులు. 2014 మార్చిలో అక్కడికి మెట్రో రైలు కూడా వచ్చింది. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి ఉపాధి వెతుక్కుంటూ వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం.

భారతదేశపు మొదటి ఉపగ్రహం ఆర్యభట రూపుదిద్దుకున్నది ఆ పీణ్యలోనే. ఆచార్య యు.ఆర్. రావు నాయకత్వంలో యువ ఇంజనీర్లు సాధారణమైన పారిశ్రామిక షెడ్లలో కూర్చుని దానిని నిర్మించారు. 360 కిలోల బరువు, 26 ముఖాలు గల ఆ ఉపగ్రహం 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్టుపై అంతరిక్షానికి చేరింది. దాని ఒంటికి తొడిగిన సౌరఘటాలు అందించిన విద్యుత్తు 46 వాట్లు. ఇంట్లో వెలిగే పాతకాలపు బల్బు ఒకటి అంతకంటె ఎక్కువ తినేది. కక్ష్యలో నాలుగు రోజులు గడిచాక విద్యుత్ సరఫరాలో లోపం తలెత్తి, శాస్త్రీయ ప్రయోగాలు నిలిచిపోయాయి. పరికరాలలోని తెలివికి కొదువ లేదు. వాటికి అందవలసిన విద్యుత్తు అందలేదు. అయినా ఆ అనుభవం వృథా కాలేదు. 1979 జూన్‌లో భాస్కర-1 ఆకాశానికెగసింది.

ఈ ఉదంతాన్ని ముందుగా ప్రస్తావించడానికి కారణం ఉంది. నేటి పిల్లలను ఆకర్షిస్తున్న ఒక చిన్న నిర్మాణంలో కూడా అసలు పరీక్ష విద్యుత్తు దగ్గరే ఎదురవుతుంది. ఆ నిర్మాణం పేరు స్మార్ట్ మిర్రర్. ముఖం చూసుకునే అద్దంలోనే గడియారం, తేదీ, వాతావరణం, ఆనాటి పనులు తెల్లని అక్షరాలుగా ప్రత్యక్షమవుతాయి. హాలండు దేశస్థుడు మైకేల్ ట్యూ న్యూయార్కులోని ఒక దుకాణంలో వెలుగు అక్షరాలున్న అద్దం చూసి, 2014లో తన ఇంటికి అటువంటిది తయారుచేసుకున్నాడు. దానికి మ్యాజిక్ మిర్రర్ అని పేరు పెట్టి, ప్రోగ్రామును ఎవరైనా ఉచితంగా వాడుకొనేటట్లు లోకానికి అందించాడు.

అద్దం సంగతి మాయగా తోస్తుంది గాని, అందులో మాయ లేదు. సాధారణ దర్పణం వెనుక దట్టమైన లోహపు పూత ఉంటుంది. ఇక్కడ వాడే అద్దానికి పూత చాలా పలుచన. మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని తిప్పికొడుతుంది, కొంత లోపలికి పోనిస్తుంది. దాని వెనుక ఒక తెర అమర్చితే, తెర నల్లగా ఉన్నచోట అద్దం అద్దంగానే కనబడుతుంది. తెల్లని అక్షరమున్నచోట వెలుగు పూతను దాటుకొని వస్తుంది. అందువల్లనే నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలు వాడతారు. పాఠ్యపుస్తకంలోని పరావర్తనం పాఠం ఇంతకంటె బాగా మరెక్కడా కంటికి కనబడదు.

తెర కొత్తది కొనవలసిన పనిలేదు. పాడైన ల్యాప్‌టాప్ తెరలో దెబ్బ తగలనిది దొరికితే, దానికి సరిపడే నియంత్రణ పలక ఒకటి చాలు. బెంగుళూరులోని ఎస్.పి. రోడ్డులో ఇటువంటి ఎలక్ట్రానిక్ సామగ్రి దొరుకుతుంది. మెదడుగా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరును వాడతారు. అరచేతిలో ఇమిడే ఆ పలక 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండులో, ముఖ్యంగా పిల్లలు కంప్యూటరు విద్య నేర్చుకోవాలనే ఉద్దేశంతో విడుదలయింది.

ఇక విద్యుత్తు. తెర పలకకు సాధారణంగా 12 వోల్టులు కావాలి. కంప్యూటరుకు 5 వోల్టులు. రాస్ప్‌బెర్రీ పై మూడవ రూపానికి 2.5 ఆంపియర్లు, నాల్గవ రూపానికి 3 ఆంపియర్లు ఇవ్వగల సరఫరా ఉండాలని తయారీదారుల సూచన. కాని చాలామంది ఇంట్లో పడివున్న ఫోను ఛార్జరును, సన్నని పొడుగాటి తీగను తగిలిస్తారు. అద్దం మొదట చక్కగా పనిచేస్తుంది. పని భారం పెరగగానే తెర మీద మెరుపు గుర్తు కనబడుతుంది, లేదా అంతా ఆరిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. పిల్లవాడు ప్రోగ్రాములో తప్పున్నదని రాత్రంతా వెతుకుతాడు. తప్పు తీగలో ఉంది.

ఓమ్ నియమం చదివిన ఏ విద్యార్థి అయినా దీనిని పట్టుకోగలడు. తీగ పోను రాను నిరోధం 0.2 ఓములు అనుకుందాము. 1 ఆంపియరు ప్రవహించినప్పుడు తీగలో పోయేది 0.2 వోల్టు, కంప్యూటరుకు 4.8 వోల్టులు అందుతాయి, బాధ లేదు. 2.5 ఆంపియర్లు ప్రవహిస్తే పోయేది 0.5 వోల్టు, అందేది 4.5 మాత్రమే. 4.63 వోల్టులకు తగ్గితే ఆ పలక హెచ్చరిస్తుంది. దీనికి ఉపాయం 12 వోల్టులను అద్దం దాకా తీసుకువెళ్లి, అక్కడ ఒక చిన్న పరివర్తకంతో 5 వోల్టులుగా మార్చడం. అదే శక్తికి అధిక వోల్టేజి వద్ద తక్కువ ప్రవాహం చాలును గనుక తీగలో నష్టం తగ్గుతుంది. విద్యుత్ కేంద్రాల నుంచి ఊళ్లకు వచ్చే పెద్ద తీగలలో అధిక వోల్టేజి ఉండటానికీ కారణం ఇదే.

ఖర్చు కూడా లెక్క వేయాలి. తెర 15 వాట్లు, కంప్యూటరు 5 వాట్లు తీసుకుంటాయనుకుంటే, రాత్రింబవళ్లు వెలిగించినప్పుడు నెలకు 14.4 యూనిట్లు అవుతుంది. మనిషి ఎదురుగా వచ్చినప్పుడే తెర వెలిగేటట్లు ఒక సెన్సరు అమర్చి, రోజుకు 4 గంటలకు పరిమితం చేస్తే 5.4 యూనిట్లు చాలు. శరీరపు వేడిని పసిగట్టే ఆ సెన్సరును అద్దం వెనుక పెట్టరాదు. ఆ ఉష్ణకిరణాలు గాజును దాటలేవు. చట్రానికి కింద చిన్న రంధ్రం చేసి అందులో అమర్చాలి.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ల్యాప్‌టాప్ మరీ పాతదైతే దాని తెర వెనుక సన్నని ట్యూబు దీపం ఉంటుంది. దానిని వెలిగించే భాగంలో వందల వోల్టులు పుడతాయి, ట్యూబులో పాదరసం ఉంటుంది. అటువంటిది పిల్లల చేతికి ఇవ్వరాదు, ఎల్.ఇ.డి. దీపాలున్న తెరనే ఎంచుకోవాలి. గోడ ప్లగ్గుకు తగిలించే ఎడాప్టరు ప్రమాణముద్ర కలిగినదై ఉండాలి; దానిని ఎన్నడూ విప్పరాదు. పిల్లల చేతులు 12 వోల్టుల వైపు మాత్రమే పనిచేయాలి. చట్రానికి పైనా కిందా గాలి రంధ్రాలు విడిచిపెట్టాలి.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడు ఇటువంటి పనులు చేయగలడా అనే సందేహం అనేకమంది తల్లిదండ్రులను బాధిస్తున్నది. ఆ సందేహాన్ని తేలికగా కొట్టిపారవేయడం న్యాయం కాదు. విడిభాగాల పేర్లు, ప్రోగ్రాము సూచనలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఆ ఇంగ్లీషు అతడు శ్రద్ధగా నేర్చుకోక తప్పదు. అయితే తీగలో వోల్టేజి ఎందుకు తగ్గిందో ఆలోచించవలసిన బుద్ధి, అర్థమైన భాషలో నేర్చుకున్నప్పుడే పదునుగా ఉంటుంది. ఓమ్ నియమాన్ని అర్థం కాకుండా వల్లించిన పిల్లవాడు కొత్త ఛార్జరు కొంటాడు; అర్థం చేసుకొన్నవాడు తీగ మారుస్తాడు. పైగా ఆ అద్దం తెలుగు కూడా నేర్చుకుంటుంది. కంప్యూటరులో తెలుగు ఖతి ఉంచి, ప్రోగ్రాములో మాటలు దాచే ఫైలులో తెలుగు మాటలు రాస్తే, తెల్లవారి ముఖం కడుక్కునే తాతగారికి వారం, తేదీ తెలుగులోనే కనబడతాయి.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. పీణ్యలోను, ఇతర పారిశ్రామికవాడల్లోను పనిచేస్తున్నవారు ఇక్కడ ఉన్నారు. మీ ఇళ్లలో మూలపడిన మంచి తెరలను, మీ తీరిక వేళలలో ఒక శనివారాన్ని పాఠశాల ప్రయోగశాలకు ఇవ్వండి. టంకం ఎలా పెట్టాలో, తీగ మందం ఎలా ఎంచాలో చేతితో చూపించండి. కొని తెచ్చిన అద్దం పిల్లవాడికి ముఖం చూపిస్తుంది. తానే చేసుకొన్న అద్దం, మొదటిసారి ఆరిపోయినప్పుడు కూడా, వాడికి ఒక పాఠం చెబుతుంది.

షెడ్డులో తయారైన ఆర్యభటకు నాలుగవ రోజున ఎదురైన లోపాన్ని దాని నిర్మాతలు అవమానంగా భావించి కూర్చోలేదు. తదుపరి ఉపగ్రహానికి పాఠంగా తీసుకున్నారు. ఈ పాఠశాల పిల్లలకు అటువంటి లోపాలు ఎదురుకావాలి, వాటిని దిద్దుకొనే వేళ పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి. డెబ్బది అయిదేళ్ల పాఠశాల కోరుకోదగిన కానుక ఇదే.