తీగ లేని డ్రిల్లు – వాడే పద్ధతి
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచీ బి.పి., షుగరు, డి.ఏ. బకాయిల గురించి వింటున్నారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. పిల్లలు కొనిచ్చిన తీగ లేని డ్రిల్లు ఒకటి ఇప్పుడు మనలో చాలామంది ఇళ్లలో ఉంటోంది. పటం తగిలించడానికి మేకు కొట్టడం మాని దాన్నే తీస్తున్నాం. తీయవలసిందే. సుత్తి దెబ్బకు పెచ్చులూడే గోడకు ఇదే మేలు.

ఇది మరీ కొత్త పనిముట్టేమీ కాదు. బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ 1961లోనే బ్యాటరీ డ్రిల్లును తెచ్చింది. 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రుని నేలను తొలిచింది కూడా బ్యాటరీ డ్రిల్లుతోనే. అక్కడ గొట్టం నేలలో బిగుసుకుపోతే ఇద్దరూ కలిసి పైకి లాగవలసి వచ్చింది. ఈ బిగుసుకుపోయే సంగతికి మళ్లీ వస్తాను.

ముందు కరెంటు విషయం. ‘బ్యాటరీదే కదా, షాక్ ఏం కొడుతుంది’ అంటారు. డ్రిల్లు కొట్టదు, నిజమే. గోడలోని వైరు కొడుతుంది. స్విచ్ బోర్డుకు తిన్నగా పైన, కింద, పక్కన వైర్ల పైపులు పోతూ ఉంటాయి. ఆ వరుసలో బెజ్జం వేయకూడదు. కొళాయికి, గీజరుకు పైనా కిందా నీటి పైపులుంటాయి, అక్కడా వద్దు. అంతటితో సరిపెట్టుకోక మెయిన్ ఆపండి. తీగ ఉన్న డ్రిల్లుతో ఆ వీలు లేదు, మెయిన్ ఆపితే అదీ ఆగిపోతుంది. దీనికి ఆ ఇబ్బంది లేదు. నా లెక్కన ఈ డ్రిల్లు కొనడానికి ఈ ఒక్క కారణం చాలు. పని మాత్రం పగటిపూట, కిటికీ వెలుతురులో పెట్టుకోండి.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుంటుంది. ఫ్యాన్ల, లైట్ల లైన్లలో కరెంటు అలాగే ఉంటుంది. కనుక మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ స్విచ్చు కూడా ఆపాలి. ఆ గదిలోని ప్రతి స్విచ్చూ వేసి, లైటూ ఫ్యానూ ఏదీ పనిచేయడం లేదని చూసుకున్నాకే బిట్టు గోడకు ఆనించండి. అపార్టుమెంటులో జనరేటర్ లైను ఉంటే అది ఎక్కడ ఆగుతుందో ఎలక్ట్రీషియన్‌ను అడిగి ఉంచుకోండి. మెయిన్ ఎందుకు ఆపారో ఇంట్లో వారికి చెప్పడం మరవకండి. టీవీ సీరియల్ వేళకు ఎవరో ఒకరు వెళ్లి వేసేస్తారు.

బిట్టు మార్చేటప్పుడు బ్యాటరీ ఊడదీయాలి. గోడకు, చెక్కకు, ఇనుముకు బిట్లు వేరు. ఇటుక గోడకు సుత్తి బొమ్మ దగ్గర తిప్పండి, టైలుకు, చెక్కకు సుత్తి వద్దు. ప్లాస్టిక్ ప్లగ్గు 6 మి.మీ. అయితే బిట్టు కూడా 6 మి.మీ. ఎంత లోతు కావాలో బిట్టు మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. పిల్లరు, బీము, శ్లాబుల జోలికి ఈ చిన్న డ్రిల్లుతో పోవద్దు.

ఇక బిగుసుకుపోవడం. తల దగ్గర అంకెలున్న రింగు స్క్రూలు బిగించడానికి. పెట్టిన అంకెకు తగ్గ బిగువు రాగానే టకటకమని జారి వదిలేస్తుంది. బెజ్జం వేసే గుర్తు మీద ఆ రక్షణ ఉండదు. బిట్టు గట్టి రాయికి పట్టుకుంటే ఈసారి తిరిగేది డ్రిల్లు, దానితో మన మణికట్టు. అందుకే రెండు చేతులతో పట్టుకోవాలి, బలం పెట్టి తోయకూడదు. పట్టుకున్న వెంటనే మీట వదిలి, వెనక్కి తిరిగేలా మార్చి బయటికి తీయండి.

కండువా, పమిట కొంగు, వేలాడే గొలుసు, జంధ్యం ఏదైనా తిరిగే బిట్టుకు చుట్టుకుంటుంది. వదులు చేతితొడుగులూ అంతే. చదువుకునే కళ్లజోడు సరిపోదు, పక్కలు మూసి ఉన్న అద్దాలు పెట్టుకోండి. దుమ్ముకు మాస్కు కావాలి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారికి చిన్న గాయమైనా రక్తం త్వరగా ఆగదు. పేస్‌మేకర్ ఉన్నవారు ముందుగా తమ డాక్టరును అడగాలి. నాకైతే డ్రిల్లు కన్నా స్టూలంటేనే భయం. నేల మీద నిలబడితే అందని చోట పని మనవడికో, మేస్త్రీకో అప్పగించండి.

బ్యాటరీని దాని చార్జరుతోనే, పరుపు మీద కాకుండా, వేడి తగ్గాక చార్జి చేయండి. ఉబ్బినదాన్ని మళ్లీ వాడవద్దు, చెత్తబుట్టలోనూ వేయవద్దు. ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి.

బల్ల మీద డ్రిల్లు, రెండు బిట్లు, ఒక ఇటుక పెట్టాను. బ్యాటరీ విడిగా ఉంది. భోజనాలకు ఇంకా కొంత వ్యవధి ఉంది కనుక పట్టి చూడదలచినవారు ముందుకు రండి. కండువాలు కుర్చీల మీదే ఉంచి రండి.