ఆసుపత్రి నియమములు – మన కర్తవ్యము

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



పిల్లల పండుగనాడు ఆసుపత్రి ప్రస్తావన యేల యని మీరాశ్చర్యపడవచ్చును. కారణము కలదు. ఈ సంవత్సరము మా విద్యార్థిని యొకతె వారము దినములు బడికి రాలేదు. విచారింపగా, ఆమె అవ్వకు జరుగవలసిన శస్త్రచికిత్స ఆనాటి ఉదయమే నిలిచిపోయినదని తెలిసినది. రాత్రినుండి రోగి ఏమియు తినరాదని గోడపై కన్నడమున వ్రాసియుండెను. తోడున్న కోడలికి తెలుగు మాత్రమే చదువ వచ్చును. ముసలి ప్రాణము ఆకలికి తాళదని జాలిపడి, ఆమె తెల్లవారుజామున రెండు ఇడ్లీలు పెట్టినది. ఆసుపత్రివారు కోపించిరి, కోడలు కన్నీరు పెట్టుకొన్నది. కడుపులో ఆహారముండగా మత్తుమందిచ్చినచో, అది పైకి వచ్చి ఊపిరితిత్తులలో చేరి ప్రాణాపాయము కలుగవచ్చునను మాట ఆమెకెవ్వరును చెప్పలేదు. ఆ యొక్క మాట చెప్పియున్నచో ఆమె ఇడ్లీ ముట్టియుండెడిది కాదు.

రోగులు నియమములను మీరుట మొండితనముచేతనే యని తలచుట పొరపాటు. కారణమెరుగని నియమమునకు కొందరు భయముచే లోబడుదురు. కొందరు నర్సు అటు తిరుగగానే ఉల్లంఘింతురు. కొందరు విసిగి ఇంటికి వెడలిపోదురు. కారణమెరిగినవాడు మాత్రమే ఎవరును చూడనప్పుడు కూడ పాటించును. తరగతి గదిలో మేము చిరకాలముగా చూచుచున్నదియు ఇదియే.

క్షయరోగ చికిత్స చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములో 1915వ సంవత్సరమున క్షయ చికిత్సాలయము నెలకొన్నది. ఆనాడు ఆ రోగమును హరించు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, ఇవియే ఆధారములు. కావున అట్టి చికిత్సాలయములలో రోగులు నెలల తరబడి ఇల్లు విడిచి, కట్టుబాట్ల నడుమ నుండవలసివచ్చెడిది. పిమ్మట మందులు వచ్చినవి. మద్రాసులో 193 మంది రోగులను రెండు భాగములు చేసి, సగము మందికి ఇంటివద్దను, సగము మందికి చికిత్సాలయమునను ఒక సంవత్సరము ఒకే మందులిచ్చి పరీక్షించిరి. 1959లో వెల్లడియైన ఆ ఫలితములలో, ఇంటివద్దనున్నవారును దాదాపు సమానముగనే కోలుకొనిరని తేలినది.

అంతటితో నియమములన్నియు వ్యర్థమని గ్రహింపరాదు. మంచము విడువరాదను కట్టుబాటు సడలినది. మందు విడువరాదను నియమము నిలిచినది. కొన్ని వారములలో దగ్గు తగ్గగానే నయమైనదని మందు మానినచో, మిగిలిన క్రిములు మందుకు లొంగనివి కావచ్చును. కాలము చెల్లిన కట్టుబాటును వైద్యులు విడువవలెను. కారణమున్న నియమమును రోగి విడువరాదు. ఏది యెట్టిదో తెలియవలెనన్నచో రోగికి అర్థమగు భాషలో చెప్పవలెను.

ఇక మన సంగతి. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. సరిహద్దులు మారినను ఇండ్లలోని భాష మారలేదు. ఏదైన జిల్లాలోగాని పురపాలక సంఘములోగాని భాషాల్పసంఖ్యాకులు నూటికి 15 నుండి 20 వరకు ఉన్నచో, ముఖ్యమైన ప్రకటనలను, నియమములను వారి భాషలో కూడ ప్రకటించుట మేలని 1956 నాటి కేంద్రప్రభుత్వ పత్రము సూచించినది. కష్టనివారణకై దేశమందలి ఏ భాషలోనైనను కాదు, కేంద్రమునందుగాని రాష్ట్రమునందుగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నపము చేసికొను హక్కు రాజ్యాంగము 350వ అధికరణము వలన మనకు కలదు. ఈ హక్కును కలహమునకు గాక, ప్రాణరక్షణకు వినియోగింతము. శస్త్రచికిత్సకు ముందు ఉపవాసము, మందుల వేళలు, సందర్శకుల నియమములు తెలుగులో కూడ వ్రాయింపుడని వినయముతో అర్థింతము. అనువాదము చేసి యిచ్చుటకు మా ఉపాధ్యాయులు సిద్ధముగా నున్నారు.

మీకును ఒక విన్నపము. నర్సులపై నున్న పనిభారమును గుర్తింపుడు. అర్థము కానిచో సిగ్గుపడక, "ఎందుకమ్మా?" యని అడుగుడు. పిల్లలకు తెలుగుతోబాటు కన్నడమును శ్రద్ధగా నేర్పింపుడు. అది మనమున్న నేల భాష.

మరల నిశ్చయమైన దినమున అవ్వకు శస్త్రచికిత్స జరిగినది. ముందటి రాత్రి మా విద్యార్థిని గోడమీది కన్నడపు వ్రాతను చదివి, అమ్మకు, అవ్వకు తెలుగులో కారణము వివరించి, ప్రక్కనే కూర్చుండెనట. అవ్వ తానై మంచినీళ్ల చెంబును దూరముగా నెట్టినదట. మన పాఠశాల ఈ సంవత్సరము సాధించిన విజయములలో దీనిని కూడ చేర్చుకొనుటకు మేము సంతసించుచున్నాము.