పూత రాని మొక్క, రాత్రి లెక్క

టొరంటో తోట ప్రేమికుల ఈ సభలో వక్త పరిచయానికి వాడిన విశేషణాల్లో సగం వయసుకు దక్కినవి, మిగతా సగం కార్యదర్శి గారి సౌజన్యం. ఆహ్వానపత్రంలో అయిదు అంశాలు అచ్చు వేశారు. ఇంట్లో దీపాల కింద పెంచే, వయసు రాగానే తనంతట పూసే ఆటోఫ్లవర్ గంజాయికి విత్తనం, వెలుగు, కుండీ, ఎరువు, చివరగా పూత ఆలస్యమైతే చేయవలసిన పని. అయిదూ వరుసగా వస్తాయి.

ముందు చట్టం మాట ఒకటి. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి పెద్దలు ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. క్యూబెక్‌లో ఆ వీలు లేదు, ఆ నిషేధం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతి లేని పెంపకం నేరం. ఇక్కడి సరుకు సరిహద్దు దాటించడమూ నేరమే. కాబట్టి ఈ ఉపన్యాసం ఒంటారియో గడప దాటి పోదు.

మొక్క ఎప్పుడు పూస్తుందన్న ప్రశ్న దగ్గరికి వస్తే, ముందు ఒక ఫ్రెంచి యువకుణ్ణి తలచుకోవాలి. పేరు జూలియన్ టూర్న్వా. వందేళ్ల కిందట పారిస్‌లో హాప్స్ తీగ మీద పనిచేశాడు. బీరులో వేసే హాప్స్, గంజాయి ఒకే కుటుంబానికి చెందినవి. చలికాలంలో గ్రీన్‌హౌస్‌లో విత్తిన జపాను హాప్స్ మొలకలు జానెడు ఎదగకుండానే పూయడం చూసి అతనికి అనుమానం వచ్చింది. నారగంజాయి మొక్కలకు రోజుకు ఆరు గంటలే వెలుగు ఇచ్చి చూస్తే అవీ తొందరగా పూశాయి. పగలు కురచ కావడం కన్నా రాత్రి పొడుగు కావడమే దీనికి కారణమని 1914లో రాశాడు. ఆ ఏడే యుద్ధం వచ్చింది, అతను అందులో పోయాడు. ఆ మాట నిజమని లోకం ఒప్పుకోవడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

పాఠ్యపుస్తకాల్లో కీర్తి అంతా అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్‌లకు దక్కింది. దక్కవలసిందే, కాదనడం లేదు. వాళ్ల చేతిలో మేరీలాండ్ మామత్ అనే పొగాకు ఉండేది. సభలో గుంటూరు వాళ్లున్నారు, పొగాకు గురించి వాళ్లకు చెప్పే సాహసం ఈ వక్త చేయడు. ఆ మొక్క వేసవంతా పది అడుగులు దాటి పెరిగేది, ఆకు మీద ఆకు వేసేది, పూత మాత్రం పెట్టేది కాదు. చలికాలంలో గ్రీన్‌హౌస్‌లో అదే మొక్క చిన్నగా ఉండగానే పూసేది. వేడి, తేమ, ఎరువు, వెలుగు తీవ్రత అన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఏదీ కారణం కాదు. చివరికి 1918 జూలైలో, వాషింగ్టన్‌కు పొటోమాక్ నది ఆవల ఉన్న ఆర్లింగ్టన్ క్షేత్రంలో ఒక చీకటి కొట్టం కట్టారు. సాయంత్రం 4 గంటలకు కుండీలు లోపలికి, మర్నాడు ఉదయం 9 గంటలకు బయటికి. పొగాకు నడివేసవిలో పూసింది. పక్కన ఎండలో ఉన్న తోబుట్టువులు ఆకులు వేస్తూనే ఉన్నాయి. 1920లో ఆ వ్యాసం అచ్చయింది, పగలు రాత్రి నిడివిని బట్టి పూత వస్తుందని చెప్పే ఫోటోపీరియడిజం అనే శాస్త్రం దానితో నిలబడింది.

రాత్రిదే పెత్తనమన్న సంగతి 1938లో హామ్నర్, బోనర్ తేల్చారు. పొడుగాటి రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే చాలు, జాంథియం అనే కలుపు మొక్క పూత మానేసింది. పగటి మధ్యలో చీకటి పెడితే దానికి పట్టలేదు.

ఇందాక బల్ల మీద పెట్టిన ఈ గుత్తి చూడండి, చామంతులు. మన ఊళ్లలో చామంతి చలికాలపు పువ్వు. రాత్రి పెరిగితేగాని మొగ్గ తొడగదు. మరి మే నెలలో ఇక్కడికి ఎలా వచ్చింది? పెంచేవాళ్లు మొక్క ఎదిగేదాకా నడిరాత్రి దీపాలు వేసి పూత ఆపుతారు, కావలసినప్పుడు నల్లగుడ్డ కప్పి పూయిస్తారు. సభకు పూలు తెచ్చినవారు ఈ ఉపన్యాసంలో సగం ముందే చెప్పేశారు.

ఇక గోంగూర. కార్యదర్శి గారు నవ్వుతున్నారు, అంశం మారిందని. మారలేదు. గంజాయి ఆకును పోలిన ఆకు గోగుది, దాని పూత జబ్బూ ఇదే. టొరంటోలో ప్రతి తెలుగు పెరట్లోనూ గోంగూర ఏపుగా వస్తుంది, పచ్చడికి కొదవ లేదు. పూత మాత్రం రాదు, వచ్చినా కాయ ముదరదు. నేల మంచిది కాదని కొందరు, విత్తనం మంచిది కాదని కొందరు అంటారు. హైదరాబాదులో జూన్ నెల పగలు పదమూడు గంటల పైచిలుకు, ఇక్కడ పదిహేనున్నర. గోంగూరను పూతకు లేపే పన్నెండున్నర గంటలకు ఇక్కడి పగలు దిగేది సెప్టెంబరు నడిమికి. అప్పుడు మేల్కొన్న గోంగూర మొగ్గ వేసేలోగా మంచు వచ్చి కొట్టేస్తుంది. అందుకే ప్రతి ఏడూ ఊరి నుంచి వచ్చేవాళ్లను విత్తనాలు అడగడం. పూర్వం ప్రతి ఇంట్లో ఏ విత్తనం ఏ కుండలో ఉందో అమ్మమ్మలకు తెలిసేది. ఇప్పుడు గడ్డకట్టిన గోంగూర పొట్లం దుకాణంలో దొరుకుతోంది, విత్తనం దాచే నాథుడు లేడు.

రాత్రి లెక్క పట్టని మొక్కలూ ఉన్నాయి. గోదావరి జిల్లాల పెద్దలకు గుర్తుండే ఉంటుంది, పాత పొడుగు వడ్లు చాలావరకు రాత్రి పెరిగే కాలానికే ఈనేవి. ఐ.ఆర్.8 వచ్చి ఆ నియమాన్ని పక్కన పెట్టింది. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పండించి చూపిన వంగడం అది. సార్వా, దాళ్వా రెండింటిలోనూ రోజుల లెక్కన ఈనింది. ఆటోఫ్లవర్ గంజాయిదీ ఇలాంటి స్వభావమే. రష్యాలో వోల్గా ప్రాంతపు బీళ్లలో పెరిగే రుడెరాలిస్ అనే పొట్టి రకాన్ని జానిషెవ్‌స్కీ 1924లో వర్ణించాడు. వేసవి కురచ, రాత్రి పెరిగేదాకా ఆగితే చలికి చావే. అందుకని ఆ మొక్క వయసు వస్తే పూస్తుంది. ఆ గుణాన్ని మామూలు రకాల్లోకి ఎక్కించి, 2000 తర్వాతి తొలి ఏళ్లలో లోరైడర్ వంటి విత్తనాలు అమ్మకానికి తెచ్చారు.

చీటీ వచ్చింది, పది నిమిషాలే మిగిలాయట. అయిదు అంశాలకు పది నిమిషాలు ధారాళం.

విత్తనం. ఆటోఫ్లవర్ గుణం సాధారణంగా అణగి ఉండేది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది. సరిగా స్థిరపరచని విత్తనంలో కొన్ని మొక్కలు పాత పద్ధతిలో రాత్రి కోసం కాచుకుంటాయి. మంచి విత్తనమైతే మొలిచిన మూడు నుంచి అయిదు వారాల్లో కణుపుల దగ్గర జంట తెల్లని పోగులు కనిపిస్తాయి. ఆరు వారాలు దాటినా ఏమీ లేకపోతే ముందు విత్తనాన్ని అనుమానించాలి. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చెదరని చీకటి ఇస్తే ఒకటి రెండు వారాల్లో తేలిపోతుంది. చెదరని చీకటి అంటే చార్జర్ల పచ్చదీపాలు, తలుపు సందులు కూడా మూయడం.

వెలుగు. అసలైన ఆటోఫ్లవర్‌కు రోజుకు 18 గంటలు వాడుక, పూతకు దానికి చీకటి అక్కర్లేదు. దీపం బలహీనమైతే కాడ సాగి, అన్నీ వెనకబడతాయి.

కుండీ. మొత్తం ఆయుష్షు పది పన్నెండు వారాలు. కుండీ మార్చి వేరు కదిపితే అందులో వారం పోతుంది. మొదటి నుంచీ చివరి కుండీలోనే విత్తాలి.

ఎరువు. నత్రజని ఎక్కువైతే ఆకు కమ్ముకుంటుంది, పూత వెనక్కి పోతుంది. పూత పెంచుతామనే రంగురంగుల సీసాలు విత్తనపు జాతిని మార్చలేవు.

ఆలస్యానికి మందు. బేస్‌మెంట్ గచ్చు మీద కుండీ ఉంటే వేరు చల్లబడి ఎదుగుదల ఆగుతుంది, కింద చెక్క పెట్టాలి. పైమట్టి ఆరేదాకా నీళ్లు పోయకూడదు. బెంగతో చివర్లు తుంచకూడదు, కోలుకునే వ్యవధి ఆ మొక్కకు లేదు. ఇంతే.

ఒక మనవి. వచ్చే వసంతంలో విత్తనాల మార్పిడి పెడతామని కార్యదర్శి గారు మాట ఇచ్చారు. అందుకోసం ఈ జూలై మొదటి వారం నుంచి ఒక్క గోంగూర కుండీని సాయంత్రం ఆరుకు చీకటి గరాజ్‌లో పెట్టి, ఉదయం ఎనిమిదికి ఎండలోకి తెండి. కాయ నిలిచేదాకా ఒక్క రోజూ మానకండి. ఆ విత్తనం పొట్లం కట్టి, మీ పేరు రాసి తీసుకురండి. గంజాయి మీద ఇంకా సందేహాలున్నవాళ్లు టీ దగ్గర అడగవచ్చు.