నాభి కుదిరిననే నక్షత్రము
(హోసూరులో జరిగిన మన సంఘ సభలో అధ్యక్షులు చేసిన ప్రసంగ పాఠము)

 

చందాలు పోగుచేసి పిల్లలకై మనము కొన్న దూరదర్శినిని అమ్మివేయవలెనను ప్రతిపాదన నేడు సభ ముందున్నది. “అందులో ఏమియు కనబడదు” అన్నది దానిపై ఆరోపణ. మీరు నిర్ణయించుటకు ముందు నా తప్పొకటి విన్నవించుకొందును.

గత మాసమున మేడమీద దానిని నిలిపినపుడు మొదట చూచినవాడను నేనే. నడుమ నల్లని మచ్చగల వెలుగు వలయమొకటి కనబడెను. “శనిగ్రహము, వలయముతో సహా!” అని ప్రకటించితిని. నా తరువాత చూచిన పెద్దలందరును “దివ్యముగా నున్నది” అనిరి. తొమ్మిదవ తరగతి చదువు బాలిక ఒకతె మాత్రము, “బాబాయిగారూ, మర తిప్పితే ఉంగరం పెద్దదవుతోంది. శని అట్లా పెరుగుతుందా?” అని అడిగెను. నేను గదిమితిని. ఆమె మరల మాటాడలేదు.

తరువాత తెలిసికొంటిని: అది శని కాదు, స్వాతి నక్షత్రము. ఆ నల్లని మచ్చ దూరదర్శినిలోని చిన్న అద్దపు నీడ!

న్యూటను 1668లో నిర్మించిన పద్ధతినే మన యంత్రమును పనిచేయును. గొట్టము అడుగునగల 6 అంగుళముల పుటాకార దర్పణము వెలుగును 48 అంగుళముల దూరమున ఒకచోట చేర్చును. పైనున్న ఏటవాలు చిన్న అద్దము ఆ వెలుగును ప్రక్కకు మరల్చును. వెలుగు కూడు ఆ చోటే నాభి. ఆ బాలిక తమిళ పాఠములో దానినే ‘కువియం’ అని చదివినది. కంటి కటకము అచ్చటికి సరిగా కుదరనిచో చుక్క వలయమై విచ్చుకొనును. మన యంత్రమున సరియైన చోటికి ఇటునటు అనుమతింపదగిన తేడా సుమారు 0.07 మిల్లీమీటరు, అనగా వెండ్రుక మందము మాత్రమే.

త్రాసు పట్టినవారికి ఇది క్రొత్త కాదు. ముల్లు ఇటునటు ఊగిన పిదపనే నడుమ నిలుచును. అట్లే, చుక్క చిన్నదగుచున్నదని తోచినంతనే ఆగరాదు. మర ఇంకను త్రిప్పి అది మరల పెద్దదగుట చూడవలెను. పిమ్మట వెనుకకు మరలి, మిక్కిలి చిన్నదిగా కనబడు తావున నిలుపవలెను. మొదట తక్కువ పెంపుగల కటకముతో ఆరంభించి, కటకము మార్చినపుడెల్ల నాభిని తిరిగి కుదుర్చుకొనవలెను.

యంత్రమును గంట ముందుగా ఆరుబయట నుంచవలెను. దర్పణపు వేడి తగ్గకున్న గొట్టములోని గాలి కదలి బొమ్మ వణకును. ఎండకు కాగిన మేడకన్న మైదానము మేలు. ఎట్టి పరిస్థితిలోను సూర్యునివైపు త్రిప్పరాదు, చూపే పోవును.

అన్నిటికన్న ముఖ్యము: ఒకరి కంటికి కుదిరిన నాభి మరియొకరికి కుదరకపోవచ్చును. హ్రస్వదృష్టి గలవారు అద్దములు తీసి చూచినచో మరను తిరిగి సవరించుకొనవలసినదే. కావున “నాకు కనబడలేదు” అనుట అవమానము కాదు. ఆనాడు మనలో నొక్కరైనను ఆ మాట అనియుండినచో నేటి ఈ ప్రతిపాదన వచ్చెడిది కాదు.

హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి చెంత పెరిగిన వైను బప్పుగారి పేర, 1986లో మన రాష్ట్రమందలి కావలూరు వేధశాలకు నామకరణము జరిగినది. అచ్చటి 2.34 మీటర్ల మహాదర్పణమునకును నాభి కుదుర్చక తప్పదు. మన 6 అంగుళముల దానికి తప్పునా?

యంత్రమున లోపము లేదు. లోపము నా తొందరది, మన మొగమాటముది. అమ్మకమును రెండు మాసములు వాయిదా వేయుడు. వచ్చే శనివారము రాత్రి మైదానమున మరల చూతము. ఆనాడు మర ఆ బాలిక చేతిలో నుండవలెనని ప్రతిపాదించుచున్నాను. ఆమెను గదిమినందులకు ఈ సభాముఖమున క్షమాపణ చెప్పుకొనుచు సెలవు తీసికొనుచున్నాను.